ఆచార్య నాగార్జునుడు

హైదరాబాదునుండి కృష్ణాతీరమునకు సాగు పెద్దబాట ఇబ్రహీంపట్టణము మీదుగా పోవుచున్నది. ఆ బాటను నడచు బస్సుల నుదుట నాగార్జునసాగరమను పేరు వ్రాసియుండుట మన ప్రాంతమున బడికి పోవు పసివాడును ఎఱిగినదే. ఆ పేరు జలాశయమునకు రాకపూర్వము ఒక కొండకు ఉండెను. కొండకు ఆ పేరు ఒక బౌద్ధ భిక్షువును బట్టి వచ్చెను. శూన్యవాదమును స్థాపించిన తత్త్వవేత్తగా ఆ భిక్షువు లోకప్రసిద్ధుడు. ఎదుటివాని శక్తి నెఱిగి బోధించిన గురువుగా, అట్లు బోధింపగల శిష్యుని తయారుచేసినవానిగా ఆయనను తలచువారు మాత్రము తక్కువ. గ్రంథాలయము రజతోత్సవము జరుపుకొను వేళ ఆయన చరిత్రమును ఆ వైపునుండి చూచుట ఉచితముగా ఉండును.

నాగార్జునుని జీవితమును తెలుపు కథనములలో ప్రాచీనమైనది చీనా భాషలో ఉన్నది. కూచా దేశస్థుడగు కుమారజీవుడను మహాపండితుడు క్రీ.శ. 401లో చాంగాన్ నగరము చేరి అనేక బౌద్ధగ్రంథములను చీనా భాషలోనికి పరివర్తనము చేసెను. నాగార్జునుని చరిత్రము, ఆయన శిష్యుడగు ఆర్యదేవుని చరిత్రము ఆయన పేరనే ప్రచారములో ఉన్నవి. పిదప 629 మొదలు 645 వఱకు సంచారము చేసిన హుయాన్‌త్సాంగు ఈ గురుశిష్యులను గూర్చి తాను వినిన గాథలను తన యాత్రాగ్రంథమున వ్రాసిపెట్టెను. టిబెట్టువారి కథలు ఇంకను తరువాతివి. పండితులలో పలువురు నాగార్జునుని క్రీ.శ. 2వ శతాబ్దమువానిగా, శాతవాహనుల కాలమువానిగా ఎంచుచున్నారు. రాళ్లను బంగారము చేసెననియు, రసాయనములు కనిపెట్టెననియు చెప్పు కథలు కూడ ఈయనకే అంటగట్టబడినవి. ఆ పేరుతోనే తరువాతి కాలమున వెలసిన సిద్ధుని కథలు ఇందు కలిసిపోయినవి. బంగారపు కథలయందు జనులకు మక్కువ ఎక్కువ. వానిని పక్కన పెట్టిననే అసలు మనిషి కనబడును.

ఆయన దక్షిణదేశమున బ్రాహ్మణకులమున పుట్టెను. బాల్యముననే వేదములు విని ధారణచేసి, యౌవనము వచ్చునప్పటికి జ్యోతిషము, భూగోళము మొదలగు విద్యలలో పేరుపొందెను. ఆయనకు ముగ్గురు స్నేహితులు ఉండిరి. నలుగురును సమాన ప్రతిభావంతులు. నేర్వదగినదెల్ల నేర్చితిమి, ఇక మిగిలినది సుఖమే యని వారికి తోచెను. ఒక మాంత్రికునియొద్ద అదృశ్యవిద్యను సంపాదించి రాజాంతఃపురమున దొంగతనముగా ప్రవేశింపసాగిరి. కొన్నాళ్లకు అంతఃపురమున జరుగుచున్న దుర్నయము బయటపడెను. వృద్ధమంత్రి ఒకడు ద్వారములయొద్ద సన్నని ఇసుక చల్లించెను. మనుష్యులు కనబడకున్నను అడుగుజాడలు కనబడెను. వెంటనే తలుపులు మూయించి, కత్తులు పూనిన బలవంతులను లోనికి పంపి గాలిని నరికించిరి. స్నేహితులు ముగ్గురును అక్కడనే మరణించిరి. రాజునకు సమీపమున కత్తి త్రిప్పరాదను కట్టుబాటు ఉండుటచే, నాగార్జునుడు ఊపిరి బిగబట్టి రాజు పక్కనే నిలిచి బ్రతికెను. ఆ క్షణమున, దుఃఖమునకు మూలము తృష్ణయే యని ఆయనకు తెలిసినదట. బ్రతికి బయటపడినచో భిక్షువగుదునని సంకల్పించుకొని, ఆ ప్రకారమే ఒక కొండమీది స్తూపము చెంత దీక్ష పుచ్చుకొనెను.

అద్భుతమును తీసివేసినను ఈ కథలో ఒక చేదునిజము మిగులును. ఆ ముగ్గురును మూఢులు కారు. విద్య నేర్పినవాడు దానిని పట్టువాని మనస్సు ఎట్టిదో చూడలేదు. ఆ లోపమునకు మూడు ప్రాణములు బలియయ్యెను. తరువాతి జీవితమున నాగార్జునుడు తప్పుగా గ్రహించిన విద్యను గూర్చి పదే పదే హెచ్చరించుట గమనించినవారికి, ఈ రాత్రి ఆయనను విడువలేదని తోచును.

భిక్షువైన పిదప 90 దినములలో త్రిపిటకములను ముగించెను. హిమాలయమున ఒక స్తూపమునందుండిన వృద్ధభిక్షువు ఆయనకు మహాయానసూత్రముల నిచ్చెను. దేశదేశములు తిరిగి వాదములలో గెలిచెను. అంతట గర్వము తలకెక్కెను. బుద్ధుని ధర్మమునందును కొఱత కలదని తలచి, తాను వేరొక మార్గము స్థాపింపబూనెను. శిష్యులకు కొత్త నియమములు, కొత్తరకపు వస్త్రములు ఏర్పఱచుటకు మంచిదినము కూడ చూచుకొనెను. అప్పుడు మహానాగుడను బోధిసత్త్వుడు ఆయనయందు జాలిగొని, సముద్రమునందలి తన భవనమునకు తీసికొనిపోయి, రత్నపేటికలు తెఱచి గంభీరసూత్రములను చేతికిచ్చెను. నాగార్జునుడు మరల 90 దినములు చదివెను. అన్నియు చూచితివా యని నాగుడడుగగా, పెట్టెలకు అంతు లేదనియు, ఇక్కడ చదివినదే భూలోకమునందున్న దానికి పదిరెట్లు కలదనియు నాగార్జునుడు ఒప్పుకొనెను. ఇతర స్థలములందు ఇంతకంటె ఎన్నో రెట్లు కలదని మాత్రము నాగుడు తెలిపెను.

గర్వించిన శిష్యుని వంచుటకు ఎన్ని మార్గములు లేవు! తిట్టవచ్చును, సభలో ఓడించి తలదించుకొనజేయవచ్చును. మహానాగుడు అట్టివేవియు చేయలేదు, పెట్టెలు తెఱచి ఊరకుండెను. బౌద్ధులు దీనినే ఉపాయకౌశల్యమందురు. ఉపాయమనగా మాయోపాయము కాదు. కరుణ లోపల ఉండి, ఎదుటివానికి ఏది పట్టునో దానిని వెదకి అందించు నేర్పు అది. నాగార్జునుడు దానిని మొదట గ్రంథములలో చదువలేదు. తనమీద ప్రయోగింపబడగా నేర్చుకొనెను.

దక్షిణదేశమునకు తిరిగి వచ్చిన పిదప ఆయన చేసిన పనియే ఇందుకు సాక్ష్యము. అక్కడి రాజు బౌద్ధమునకు విముఖుడు, భిక్షువులను దరిజేరనీయడు. నాగార్జునుడు సభకు పోయి వాదము కోరలేదు. రాజు భటులను చేర్చుకొనుచుండగా తానును పోయి కొలువున చేరెను. పంక్తులను తీర్చి నడిపించుటలో ఆయన కఠినుడు కాకున్నను ఆజ్ఞలు జరిగెను. శాసనములు చాటకున్నను జనులు అనుసరించిరి. జీతము గాని ధాన్యము గాని పుచ్చుకొనని ఈ భటుడెవడని రాజే ఆశ్చర్యపడి పిలిపించి అడిగెను. అడుగువఱకు ఆయన ఆగెను. బోధకుడు తొందరపడక శ్రోతచేత ప్రశ్న పుట్టించుట యనగా ఇదియే. ఆ పిదప ఆకాశమున దేవాసురయుద్ధమును చూపించెనని కథ సాగును గాని, రాజు మనస్సు అంతకుముందే సగము తిరిగియున్నదని చెప్పవచ్చును.

శాతవాహనరాజునకు ఆయన వ్రాసిన సుహృల్లేఖ, ఒక రాజునకే ఉద్దేశించిన రత్నావళి నేటికిని నిలిచియున్నవి. ఆ రాజు గౌతమీపుత్రుడా, యజ్ఞశ్రీయా యని చరిత్రకారులు వాదించుకొందురు. బోధనారీతి తెలియగోరువారికి ఆ వాదముతో పని లేదు. సుహృల్లేఖ టిబెట్టు పాఠమున 123 పద్యముల చిన్న లేఖ. రాజు పండితుడు, వినని ధర్మము లేదు. అట్టివానికి తెలిసినదానినే మరల చెప్పునప్పుడు అభిమానము దెబ్బతినకుండవలెను. అందుచే, సున్నము కొట్టిన తెల్లని మేడయు వెన్నెలలో మఱింత తెల్లనగును గదా యను భావముతో లేఖను మొదలుపెట్టెను. మనుష్యులను మామిడిపండ్లతో పోల్చి, పండినట్లు కనబడు కాయలును, కాయవలె కనబడు పండ్లును ఉండునని తెలిపెను. మనస్సులపై పడు గీత కొందఱిలో నీటిమీద గీత, కొందఱిలో మట్టిమీద గీత, కొందఱిలో రాతిమీద గీత యనెను. శ్రోతను చూచి బోధించుట ఎట్లో తెలిసికొనగోరువానికి ఈ రెండు ఉపమానములు చాలును. క్రీ.శ. 671లో బయలుదేరి 695లో చీనాకు మరలిన ఇత్సింగు, భారతదేశమున విద్యార్థులు చదువు మొదటి దినములలోనే ఈ లేఖను కంఠస్థము చేయుచుండిరని వ్రాసెను. రాజునకు వ్రాసినది బాలురకును అందినదన్నమాట.

రత్నావళి ఇంతకంటె పెద్దది, అయిదు పరిచ్ఛేదములు కలది. అందు ఆయన తన పద్ధతిని దాచక చెప్పెను. వ్యాకరణము నేర్పు పండితుడును మొదట అక్షరములనే దిద్దించును. అట్లే బుద్ధుడును వినువారు ఎంత మోయగలరో అంతయే బోధించెను. కొందఱికి పాపము మానుటను, కొందఱికి పుణ్యము చేయుటను బోధించి, గంభీరమైన శూన్యతాకరుణాధర్మమును కొందఱికే తెలిపెను. కనుక రాజునకును ముందు అభ్యుదయము, ఆ పిదపనే నిఃశ్రేయసము. అన్నమును సరిగా తిన్నవానికి ఆయువు, తప్పుగా తిన్నవానికి నాశము కలుగునని పోల్చి, ధర్మమును సరిగా పట్టనివాడు దానిచేతనే చెడునని హెచ్చరించెను. మధ్యమకకారికలలో ఇదే మాటను పాముతో పోల్చెను. పట్టరాని చోట పట్టిన పాము పట్టినవానినే కాటువేయును, శూన్యతయు అంతే. అదృశ్యవిద్య వలన స్నేహితులను పోగొట్టుకొన్నవాని నోట ఈ ఉపమానము వినవలెను.

శూన్యత యనగా ఏమియు లేదనుట కాదు. ప్రతి వస్తువును ఇతర కారణములపై ఆధారపడి పుట్టుచున్నది గాన, దానికి తనంత తానుగా నిలుచు స్వభావము లేదనుటయే శూన్యత. ఇది వినిన అవివేకి, నేను లేనా, నాది లేదా యని బెదరును. కావున వ్యవహారసత్యమును ఆశ్రయింపక పరమార్థమును బోధింప వీలుకాదని నాగార్జునుడు నియమము చేసెను. జనులు మాటాడు మాటలతోనే, జనుల కష్టసుఖములనుండియే మొదలిడవలెను. రత్నావళిలో రాజునకు చెప్పిన పనులు చూడుడు. బడులలో ఉపాధ్యాయులకు జీవనము కల్పింపవలెను. బాటలవెంట సత్రములు, నీరు ఏర్పఱుపవలెను. కష్టకాలమున రైతులకు విత్తనములు, తిండి ఇచ్చి, అధికమైన పన్నులు తగ్గించి, అప్పులబాధ తొలగింపవలెను. పని కోరి వచ్చినవారిని వాకిట కాచుకొని ఉండనీయరాదు. చెఱసాలలోని వారికిని మంగలి, స్నానము, అన్నము, మందు, వస్త్రము ఉండవలెను. శిక్ష వేయునప్పుడు తండ్రి కొడుకును దిద్దునట్లు వేయవలెను గాని పగతో కాదు. శిస్తు లెక్కలు చూచిన ఊరివారికి వీని విలువ వేఱుగా చెప్పనక్కఱలేదు. ఇంత దూరము వచ్చిన పిదపనే శూన్యతామాట.

కృష్ణాతీరమునందలి కొండలోయతో ఈయన పేరు ముడిపడియున్నది. అక్కడి శాసనములలో ఆ స్థలము శ్రీపర్వతముగా, విజయపురిగా చెప్పబడినది. వానిలో ఆచార్యుని పేరు లేదు. భదంత నాగార్జునాచార్యుడను పేరు జగ్గయ్యపేట శాసనమున కనబడును గాని, అది తరువాతి కాలపు లిపిలోనిది. ఐనను ఆ లోయ బోధకుల ఊరని శాసనములే తెలుపుచున్నవి. ఇక్ష్వాకురాజగు వీరపురుషదత్తుని 14వ పాలనవర్షమున బోధిశ్రీ యను ఉపాసిక వేయించిన శాసనము, కాశ్మీర, గాంధార, చీన, చిలాత, తోసలి, అపరాంత, వంగ, వనవాసి, యవన, ద్రవిడ, పలూర, తామ్రపర్ణి దేశములను ధర్మమునకు ప్రసన్నములు చేసిన సింహళాచార్యులను పేర్కొనుచున్నది. అక్కడ సింహళవిహారమును ఉండెను. ఆ లోయ 1926లో పరిశోధకుల దృష్టికి వచ్చెను. 1927 మొదలు 1931 వఱకు లాంగ్‌హర్స్ట్, 1954 మొదలు 1960 వఱకు ఆర్. సుబ్రహ్మణ్యము త్రవ్వకములు జరిపిరి. 1955లో ఆనకట్టకు శంకుస్థాపన జరిగెను. 1967లో కాలువలకు నీరు వదలిరి. లోయ మునిగి కొండ ద్వీపమయ్యెను.

సింహళమునుండి వచ్చినవాడే ఆర్యదేవుడు. వాదము చేయగోరి ఆయన నాగార్జునుని వాకిట నిలువగా, ఆచార్యుడు ఒక పాత్రనిండ నీరు నింపించి శిష్యునిచేత బయటికి పంపెను. ఆర్యదేవుడు మాటాడక ఆ నీటిలో ఒక సూదిని విడిచెను. నీరు పాత్రయొక్క ఆకారమును బట్టి నిలుచును, లోతుగా నిర్మలముగా ఉండును. సూది అడుగువఱకు పోవును. తన విద్యను నీటితో చూపగా, ఈతడు దాని అడుగంటుదునని తెలిపెనని ఆచార్యుడు సంతోషించి లోనికి రప్పించెను. ఐతే లోనికి వచ్చి ఆచార్యుని ముఖము చూడగానే ఆర్యదేవునికి మాట రాలేదు. అట్టి సమయమున గెలిచితినని భావించు గురువులు కలరు. నాగార్జునుడు ఆయనను దగ్గఱ కూర్చుండబెట్టుకొని, తన తరువాత ధర్మమును మోయవలసినవాడు ఇతడేనని గుర్తించెను.

ఆ శిష్యుని తయారుచేసిన విధమును హుయాన్‌త్సాంగు చెప్పిన పాటలీపుత్రపు ఘంటకథ తెలుపును. ఆ నగరమున భిక్షువులు వాదమున ఓడిపోగా, 12 సంవత్సరములపాటు వారి విహారములలో ఘంట మ్రోగలేదు. నాగార్జునుడు తానే పోదలచెను. తన్ను పంపుమని ఆర్యదేవుడు వేడెను. అంతట ఆచార్యుడు ఒక పరీక్ష పెట్టెను. ప్రతిపక్షుల వాదమును తాను పట్టుదునని, శిష్యుడు దానిని ఖండింపవలెనని చెప్పెను. శిష్యుని చిన్నబుచ్చకుండుటకై బలహీనముగా వాదింపలేదు. 7 దినములు జరిగెను. ఏడవనాడు ఆచార్యుని పక్షము ఓడెను. అప్పుడే పొమ్మని సెలవిచ్చెను. ఆర్యదేవుడు పాటలీపుత్రము చేరి రాత్రి ఘంటామండపమున గడపి తెల్లవాఱగానే ఘంట మ్రోగించెను. వాదమున గెలిచెను.

ఏడు దినములు తాను నమ్మని మాటను నమ్మినవానివలె నిజాయితీగా వాదించుట సులభము కాదు. నాగార్జునుని గ్రంథములలోను ఈ అలవాటే కనబడును. విగ్రహవ్యావర్తనియందలి 70 కారికలలో మొదటి 20 ప్రతిపక్షుల ఆక్షేపణలకే విడువబడినవి. అన్నియు శూన్యములైనచో నీ మాటయు శూన్యమే గదా, అది దేనిని ఖండించును అను గట్టి ప్రశ్నను ఆయనయే ముందు నిలిపెను. దానికి బదులు పిదప వచ్చును. ఎదుటివాని ప్రశ్నను తగ్గించి చెప్పి సులువుగా గెలుచుట ఆయనకు సమ్మతము కాదు. ఈ గ్రంథపు సంస్కృతమూలమును రాహుల సాంకృత్యాయనుడు 1936లో టిబెట్టులో కనుగొనెను. అంతవఱకు చీనా, టిబెట్టు అనువాదములే పండితులకు ఆధారము.

ఇంతటి నేర్పునకును లొంగని మనస్సు ఒకటి ఉండెను. కుమారజీవుని కథనము ప్రకారము, శ్రావకయానమునకు చెందిన ఒక ఆచార్యుడు నాగార్జునునిపై కోపము పెంచుకొని యుండెను. నేను లోకమున చిరకాలము ఉండుట నీకు ఇష్టమా యని నాగార్జునుడు ఆయనను అడిగెను. ఇష్టము లేదని ఆయన నిజమే చెప్పెను. నాగార్జునుడు మాఱుపలుకక గదిలోనికి పోయి తలుపు వేసికొనెను. మఱునాడు శిష్యులు తలుపు పగులగొట్టి చూడగా, కీటకము విడిచిన పొరవలె దేహము మాత్రము ఉండెను. హుయాన్‌త్సాంగు వినిన గాథ వేఱు. ఆచార్యుని రసాయనమువలన రాజు చిరాయువై యుండగా, రాజ్యము కోరిన రాజకుమారుడు తల్లి ప్రేరణచే ఆచార్యుని శిరస్సును దానముగా అడుగగా, ఆయన ఎండిన రెల్లుటాకుతో కంఠము కోసికొనెననియు, ఆ వార్త విని రాజును మరణించెననియు ఆ గాథ. రాజును, భటులను, ప్రతివాదులను దారికి తెచ్చినవాడు సొంతసంఘములోని ఒక భిక్షువును దారికి తేలేకపోయెననుట నమ్మదగియున్నది. ఈ రెండింటిలో మొదటిదే ఆయన స్వభావమునకు దగ్గఱగా ఉన్నది. ఇంటివారికి బోధించుట అన్నిటికంటె కష్టము.

ఆచార్యుని తరువాత ఆర్యదేవుడు ఆ పనిని సాగించి చతుఃశతకమను గ్రంథమును రచించెను. వాదములలో ఆయన తీవ్రుడు. ఓడినవారికి ఆయన మాట మనస్సులో ముల్లై నిలిచెడిది. ఆ తీవ్రతకు మూల్యము ఆయనయే చెల్లించెను. ఓడిపోయిన ఒక వాది శిష్యుడు పగబట్టి, అడవిలో ఒంటరిగా నున్న ఆర్యదేవుని కత్తితో పొడిచెను. ప్రాణము పోవుచుండగా ఆర్యదేవుడు ఆ యువకుని దగ్గఱకు పిలిచి, తాను కూర్చుండు చోట వస్త్రములును భిక్షాపాత్రయు ఉన్నవనియు, వానిని ధరించి వెంటనే కొండపైకి పొమ్మనియు చెప్పెను. క్రింది బాటను పోవలదనెను. తన శిష్యులలో ఓర్పు ఇంకను అలవడనివారు కొందఱు కలరనియు, వారు వచ్చినచో అతనిని పట్టి రాజపురుషులకు అప్పగింతురనియు తెలిపి, కొండదారిని చూపెను.